తీగ మీద చుక్క

హల్ నగరం. ఫిబ్రవరి.
హంబర్ మీది గాలికి కిటికీ రెక్క
పొద్దున్నించీ ఒకటే కొట్టుకుంటోంది.
మూడో అంతస్తు ల్యాబులో
డీజిలూ నీళ్ళూ, రెంటికీ సంధి కుదిర్చే సబ్బులాంటి మందూ
సీసాలో పోసి గిలక్కొట్టాను.
చిక్కటి మజ్జిగలా తెల్లగా వచ్చింది.
వాసన మాత్రం లారీ షెడ్డుది.

వెంట్రుకంత తీగ మీద
క్లిఫ్ ఔత్‌వెయిట్ సూదితో ఒక చుక్కని కూర్చోబెట్టాడు.
ఇరవై ఏళ్ళు చేపల ఓడల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు,
ఈ ఒక్క పనికి మాత్రం వణకవు.
చుక్క ఆవగింజలో సగం.
దాని పొట్టలో వేల నీటి బొట్లు,
ఒక్కొక్కటీ నూనె గదిలో తలుపేసుకుని.

కొలిమి దగ్గరికి జరిపాం.
వంద డిగ్రీలు.
గిన్నెలో నీళ్ళయితే ఈపాటికి కుతకుతలాడేవి.
ఇక్కడ చప్పుడు లేదు.
నూట ఇరవై. నూట నలభై.
మరగడానికి వేడి ఒక్కటే చాలదు,
ఒక గీత కావాలి, ఒక నెర్రె, ఓ మురికి రేణువు,
మొదటి బుడగ కాలు పెట్టడానికి ఏదో ఒక గడప.
నూనె గోడలకి గడప లేదు.
లోపల నీరు
ఆవిరి కావలసిన చోటు దాటిపోయి కూడా
నీరుగానే ఉంది.

నిండుకుండ తొణకదని
తెలుగు మాష్టారు చెప్పినప్పుడు అది మెచ్చుకోలు.
కుండ కింద పొయ్యి ఉందో లేదో
ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

సెకనుని ఇరవై వేల ముక్కలు చేసే కెమెరాలో
బొట్లు ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి.
రెండు కలిసి ఒకటి. ఆ ఒకటి ఇంకోదానితో.
తెలుపు విరిగిపోయి
నడిమధ్య ఒకే ఒక్క నీటి కన్ను.

తుమ్మినట్టు ఓ పక్కనించి ఆవిరి చిమ్మింది.
తీగ ఊగింది. చుక్క నిలదొక్కుకుంది.
తర్వాత చుక్క లేదు.

వెనక్కి తిప్పి నెమ్మదిగా చూశాం.
బుడగ. దాని మీద సాగిన నూనె పొర. పొరలో చిరుగు.
ఆ పైన అంతా తుంపర,
తుంపరలో ప్రతి నలుసుకీ చుట్టూ కావలసినంత గాలి.
అందుకే మసి తక్కువ.
నీళ్ళు కలిపినందుకు మంట శుభ్రపడింది.

ఈ సంగతి ఫోన్లో చెబితే సుభాషిణి పిన్ని నవ్వింది.
"తడి గరిటె మూకుట్లో పెట్టిన రోజే నాకు తెలుసు,
డిగ్రీ మాత్రం నీకిచ్చారు."
ఆమె మణికట్టు మీద మచ్చ
నాకు లెక్కలు రాకముందు నించీ ఉంది.

క్లిఫ్‌కి మోచేతి దాకా ఉన్నాయి అలాంటివి, చినుకుల్లా.
ఇన్నాళ్ళూ అడగలేదు. ఇవాళ తనే అన్నాడు:
"మండే నూనె మీద బకెట్ నీళ్ళు పోసింది నేనే.
పంతొమ్మిదేళ్ళు. ఆర్పుదామనే."
ఇంకా ఏదో అంటాడనుకున్నాను.
తీగ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కాసేపటికి తెర మీద వేలు పెట్టి,
"చూడు, మొదటి బుడగ ప్రతిసారీ తీగ దగ్గరే."
నిజమే. నలభై చుక్కల్లో ముప్పై ఎనిమిది.
గడప మేమే పట్టుకెళ్ళి ఇచ్చాం.
తీగ లేకుండా, ఎవరూ పట్టుకోకుండా,
గాలిలో ఒంటరిగా వదిలేస్తే
ఇంకెంత వేడి దాకా ఊరుకునేదో.
నివేదికలో రాశాను: ఆధారం ప్రభావం, గణనీయం.
రాసి, ఆ వాక్యం వైపు కొంచెం ఎక్కువసేపే చూశాను.

నాలుగున్నరకే చీకటి.
టీ గదిలో పాత కెటిల్.
ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ, దాని అడుగంతా తెల్లటి పెచ్చులు.
అన్నీ గడపలే.
స్విచ్ వేసిన నిమిషానికే గొణగడం మొదలెట్టి,
మూత ఎగరేసి, బల్లంతా తడిపి,
వంద దగ్గరే
ఒక్క డిగ్రీ కూడా దాచుకోకుండా మరిగింది.