గురువారం, బల్లకి అవతల పిరోష్కా

నేను బస్సు నడుపుతాను.
మలుపు రాకముందే ఎటు తిరుగుతానో
లోకానికంతా చెప్పి తిరగడం నా ఉద్యోగం.
ఇరవై రెండేళ్ళుగా ఆ అలవాటు
భుజాల్లోకి, మోకాళ్ళలోకి దిగిపోయింది.
అందుకే గురువారాలు ఓడిపోతుంటాను.

ఉత్తర హంగరీలో, గనులు మూసేసిన ఊరు మాది.
డ్యూటీ దిగిన కార్మికులు ఒంటి బొగ్గు కడుక్కున్న గదిలో
ఇప్పుడు రెండు టేబుల్ టెన్నిస్ బల్లలు.
గోడలకి తెల్ల పలకలు, సందుల్లో ఇంకా నలుపు.
బంతి అక్కడ రెండుసార్లు వినిపిస్తుంది,
ఒకసారి బల్లమీద, ఒకసారి ఆ పలకల్లో.

పిరోష్కాకి అరవై ఏడు.
టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు
ఊరందరి గుట్టూ చెవిన పడుతున్నా
మొహంలో ఒక్క గీత కదలనివ్వని మనిషి.
ఆ మొహంతోనే బల్లకి అవతల నిలబడుతుంది.

నేను సర్వీస్ చేస్తాను.
బంతిని కిందినుంచి కోసి, నెట్‌ని ఒరుసుకునేంత పొట్టిగా.
మంచి సర్వీసే, నన్నడిగితే.
ఆమె ఒక కాలు బల్ల కిందికి వేస్తుంది,
మోచెయ్యి లేస్తుంది, మణికట్టు వెనక్కి ముడుచుకుంటుంది,
ఒళ్ళంతా ఒకే మాట అంటుంది:
కొడుతున్నాను, నీ ఎడమకి, గట్టిగా.
నేను ఎడమకి ఉరుకుతాను.
బంతి మాత్రం
నిద్రపోయిన పిల్లని మంచం మీద దించినట్టు
నెట్‌కి ఇవతల, కుడివైపు,
రెండు చిన్న గెంతులు వేసి
ఊరుకుంటుంది.

"ఇది తొండి," అన్నాను ఒకసారి, నవ్వులో కలిపి.
"నేనేమన్నాను? అనుకున్నది నువ్వు."

చివరికి ఒకనాడు ఆట అయ్యాక
నిమ్మకాయ ఎక్కువైన టీ పోసి చెప్పింది:
"బంతి నీ దగ్గరికొచ్చాక రవ్వంత సమయం మిగులుతుంది.
అందరూ దాన్ని కొట్టడానికే ఖర్చుపెడతారు,
నేను దాచుకుంటాను.
ముందే ఆడిన అబద్ధం చద్దిదైపోతుంది.
ఇంకోటి, కొట్టబోతున్నట్టు నటించకు,
నీకా విద్య రాదు.
నిజంగానే కొట్టబోవాలి.
కొట్టబోయి, మానెయ్యాలి."

మానెయ్యడం.
చూడ్డానికి ఎంత చిన్న పని!
రాత్రిళ్ళు వంటగది కిటికీ గాజులో నన్ను నేను చూసుకుంటూ
గరిటెతో సాధన చేశాను.
"పులుసు నాకు పోస్తావా, గోడకి పోస్తావా?"
అంది మా ఆవిడ ఎమెషె, పళ్ళెం పట్టుకుని.

ఫిబ్రవరిలో ఒక గురువారం.
బయట మంచు, లోపల హీటర్ దగ్గు.
ఆమె తొమ్మిది, నేను ఎనిమిది, సర్వీస్ ఆమెది.
బంతి పొట్టిగా వచ్చింది.
కొట్టడానికే వెళ్ళాను, ఒట్టు,
భుజం వెళ్ళింది, నడుం వెళ్ళింది, ఊపిరి కూడా ముందే వెళ్ళిపోయింది.
మణికట్టొక్కటే ఆగి, కాస్త పక్కకి ఒరిగింది.
పిరోష్కా కుడికి వాలింది.
బంతి ఆమె ఎడమ గీత పక్కనుంచి
మెల్లగా, ఎవరినీ లేపకుండా పోయింది.

ఆమె వంగి బంతి తీసింది.
"బాగుంది వెండెల్.
కానీ అబద్ధమాడేటప్పుడు నీ నాలుక కొస బయటికొస్తుంది."
"ఎప్పట్నుంచి?"
"నవంబరు నుంచి."
"మరి ఇప్పుడెందుకు తప్పు దిక్కుకి వాలావు?"
బంతిని చొక్కా అంచుకి తుడిచింది, ఒకసారి, మరోసారి.
మళ్ళీ అదే మొహం, ఎక్స్ఛేంజిలో మొహం.
"తొమ్మిది, తొమ్మిది," అంది. "సర్వీస్ నీది."

ఆ ఆట ఎవరు గెలిచారో చెప్పను.

మర్నాడు రాత్రి ఆఖరి ట్రిప్పు.
గాజు ఫ్యాక్టరీ మలుపు దగ్గర ఎడమ సిగ్నల్ వేశాను.
టిక్కు, టిక్కు.
రోడ్డుమీద ఎవరూ లేరు,
వెనక సీట్లో నిద్రపోతున్న ఒక్క టోపీ తప్ప.
నేరుగా పోతే ఏమవుతుంది అనిపించింది
ఒక్క రవ్వంత సేపు.
అద్దంలో చూసుకున్నాను.
నాలుక పళ్ళమధ్య ఉంది.

తిరిగాను.