తరుగు

బాదేపల్లి మార్కెట్ యార్డుల
ఇరవై ఆరేండ్లాయె, దడ్వాయి పని.
బస్తా భుజం మీదికి లేస్తుండంగనే
కాంటా కంటె ముందు నా కన్ను చెప్తది బరువు.
నా ఒంటి బరువే ఎన్నడు చూసుకోలే.

మొన్న షుగర్ రెండొందల ఎనభై.
పాలమూరు డాక్టరమ్మ మందుల చీటీ తిప్పి
వెనుక గుండ్రం గీసింది, సగం కొట్టేసింది.
"ఇది నీ కంచం. గింతే అన్నం.
కడుపుల జర్రంత జాగ ఉండంగనే లేవాలె.
ఎలుకలకు తిండి తగ్గించి చూసిన్రు,
ఎక్కువ దినాలు బతికినయట,
ముసలితనం మెల్లగొచ్చిందట.
మనుషుల సంగతి ఇంకా పూర్తిగ తెల్వదు గని
నీకైతే మేలే."

ఇంటికొచ్చి బియ్యం తూకమేసిన.
నా చేతులతోని
నాకే తరుగు తీసుకున్న.
మొదటి వారం రాత్రిళ్ళు
కడుపుల ఎవరో బస్తాలు ఈడ్చినట్టుండె.
మూడో నెలకు షెడ్డు మెట్లు
మోకాళ్ళకు తేలికైనయి.
జొన్నరొట్టె మాడిన అంచు రుచి
చిన్నప్పటి లెక్క మళ్ళ నాలికెకు తెలిసింది.

ఆ సంబురంల
రాలిన మక్కలు ఊడ్చుకునే బుడ్డమ్మకు
ఎలుకల ముచ్చట చెప్పిన.
చాట ఆపింది.
"ఏ ఎలుకలు? మన గోదాంలయా?"
పండ్లు లేని నోటితోని నవ్వింది.
నవ్వు అయిపోయినంక అన్నది:
"డెబ్బైరెండు కరువుల మేం తిన్నంత తక్కువ
ఏ ఎలుక తిన్నది కొడుకా?
బొంబాయి దిక్కు రోడ్డు పనిల
ఒక్క రొట్టె నలుగురం తుంచుకున్నం.
తక్కువ తింటె బతుకుడే అయితె
మా ఆశప్ప ఈ పొద్దు
నీ ఈడోడై ఉండాలె."

కాంటా మీద ఎర్ర అంకెలు
సున్న దగ్గర ఆగి ఉన్నయి.

"మరి నీకింత ఆయుష్షు ఎట్లొచ్చె?"
"ఏమో. నన్ను మరిచిపోయిన్రేమో."

పగటీలి పుంటికూర, అరచేయంత రొట్టె.
సగం తిని సగం కొంగుకు ముడేసి లేచింది,
డాక్టరమ్మ గీసిన గీత దగ్గర్నే.
అలవాటా, రేపటి భయమా,
అడుగుదామని అడగలే.

అవతల సేటు పిలుస్తుండు.
"రాయి, క్వింటాలుకు రెండు కిలోలు తరుగు."
బస్తాల పక్కన కూసున్న రైతు
తుండుగుడ్డతోని మెడ తుడుచుకుంట
నా దిక్కే చూస్తుండు, బక్కపల్చటోడు.

ఇరవై ఆరేండ్లల్ల మొదటిసారి
చీటీ మీద
నా కలం ఆగింది.