సన్నగీత

ఒంగోలు నుంచి చీమకుర్తి బస్సులో
ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వచ్చాను.
రెండేళ్లుగా గీస్తున్న అక్షరాలు అందులో.
పొట్ట దగ్గర నిండుగా ఉండి
మలుపు తిరిగేచోట ఊపిరి బిగబట్టి
వెంట్రుకంత అయ్యి
మళ్లీ ఒళ్లు చేసే అక్షరాలు.
మొలగొలుకుల గింజ కొస చూశారా,
అట్లా ముగుస్తుంది నా తలకట్టు.

ఇంగ్లీషు అక్షరానికి పాదాలుంటాయి, నిలబడుతుంది.
మనది దొర్లే జాతి.
నిలబెట్టడానికి నాకు దొరికిందల్లా
నెత్తిమీది ఆ ఒక్క విరుపు.

"తెర మీద బాగుందిలే పాపా"
అన్నాడు కాలేషా, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ.
"రాయి ఏమంటదో చూద్దాం."

రేకుల షెడ్డు. నేలంతా తెల్లటి రాతిబురద.
నల్లటి గెలాక్సీ పలక, లోపల రాగిచుక్కలు.
చెక్కాల్సిన పేరు: రూతమ్మ.
కింద చిన్నగా ఊరు, రెండు తేదీలు.
అక్షరానికి ఎనభై.
కూతురు ఎస్తేరు వేళ్లు ముడిచి లెక్కేసింది,
రూ, త, మ్మ. మూడేగా?
"కింద మ-వత్తుంది గదక్కా" అన్నాడు పనికుర్రాడు.
"అది చంకలో బిడ్డరా,
చంకలో బిడ్డకి టిక్కెట్టేంది?"
కాలేషా నవ్వలేదు. నిజంగానే తీసుకోడు.

ముందు ఓ విరిగిన ముక్క మీద,
రబ్బరు అంటించి, మిషన్‌తో ఇసక చిమ్మాడు.
లావు గీతలు దిగాయి.
సన్నవి రబ్బరుతో పాటే ఎగిరిపోయాయి.
రూ నడిమికి తెగింది.
త తోక ఎవరిదో అన్నట్టు దూరంగా పడుంది.
తలకట్టు కొసన రాగిచుక్క ఒకటి కూర్చుని
గీతకంటే తనే ఎక్కువ మెరుస్తోంది.

రాయి బాలేదన్నాను.

ఎస్తేరు ఆ ముక్కను కాసేపు చూసి
"మా అమ్మ వేలు కూడా ఇట్టాగే" అంది.
పాలిష్ మిషన్ దగ్గర పందొమ్మిదేళ్లు.
నీళ్లు, పొడి, రాయి, నీళ్లు.
రేషన్ షాపులో బొటనవేలు పెడితే
మిషను గుర్తుపట్టేది కాదు.
కొంగుకి రుద్ది పెట్టేది,
ఊది పెట్టేది,
పక్కవేలు పెట్టేది.
వెనక లైన్లో వాళ్లు విసుక్కునేవాళ్లు.
"సన్నగీతలన్నీ అరిగిపోయినాయంట.
బియ్యానికి నేను పోయి నిలబడేదాన్ని."

గ్రైండర్ ఎవరో ఆపారు.
ఆ నిశ్శబ్దంలో నా రెండేళ్ల పని
చాలా శుభ్రంగా కనిపించింది, తెర మీద.

కాలేషా ఉలి తీశాడు.
"సన్నమంటే వెడల్పు కోసెయ్యడం అనుకుంటన్నావు నువ్వు.
లోతు పెంచాల."
ఉలిని ఒక పక్కకి వాల్చి ఒక దెబ్బ,
ఇంకో పక్కకి వాల్చి ఒక దెబ్బ.
రెండు గోడలు అడుగున కలుసుకున్నాయి.
"మిట్టమధ్యానం ఇది కనపడదు,
నాలుగింటికి రా.
నీడ వచ్చి పడుకుంటది ఇందులో."

నేను స్టూలు మీద కూర్చుని ఫైలు తెరిచాను.
వెయ్యి పాళ్లలో పద్దెనిమిది పాళ్లు నా సన్నగీత.
ఇరవై నాలుగు చేశాను. చాలదన్నాడు.
ముప్పై ఒకటి.
తేదీలకు వేరే, ఇంకా బొద్దుగా,
చిన్నవాటికి ఎముక ఎక్కువ కావాలని.
అందం తగ్గిందా?
తగ్గింది, కొంచెం.
ఎక్కడ తగ్గిందో నాకు మాత్రమే తెలుసు,
అదీ కొన్నాళ్లే.

టీ వచ్చింది. టీ మీద కూడా పొడి.
మూడింటికి కరెంటు పోతే
రేకుల సందు నుంచి పడే వెలుగులోకి
పలకను జరిపి చెక్కాడు.
రాగిచుక్క అడ్డమొచ్చినచోట
గీతను గోరంత పక్కకి వంచాడు,
నన్ను అడగలేదు.
నా డ్రాయింగులో లేని ఆ వంపు
తర్వాత నేను దొంగిలించాను.

నాలుగు దాటింది.
ఎస్తేరు బడికి పోయింది, చదువు వచ్చు.
అయినా కళ్లు మూసుకుని
బొటనవేలితో నెమ్మదిగా చదివింది.
రూ మీద ఆగలేదు.
త మలుపు దగ్గర,
ముప్పై ఒక్క పాళ్ల దగ్గర ఆగి,
వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి

"ఇక్కడ తగుల్తా ఉంది" అంది.