ఎనిమిదో పేజీ

రేపటి పేపర్లో ఎనిమిదో పేజీ నాది.
"ఈసారి మనదే" అని మొదలెట్టాలి.
పదిహేడు ఆగస్టులుగా అలాగే మొదలెడుతున్నాను.

మిన్నెసోటా పైకొసన, మా టామరాక్‌లో
ఈ ఏడు ఫుట్‌బాల్‌కి పంతొమ్మిది మంది పిల్లలు.
పదకొండు మంది దిగితే ఒడ్డున ఎనిమిది మంది,
అందులో ఒకడి చేతికి కట్టు.
గని మూతపడ్డాక
భుజబలం ఉన్న ఇళ్లన్నీ లారీ ఎక్కాయి.
కోచ్ హాకలా మాత్రం
"చిన్న జట్టుకి ఊపిరెక్కువ, రాసుకో" అన్నాడు.
రాసుకున్నాను.

హాకీ సంగతి వేరు.
చెరువు మీద ఇంకా బాతులదే ఆట.
అయినా రింక్ వెనక షెడ్డులో
ముసలి ఉర్హో స్కేట్లకి సానపెడుతున్నాడు,
రవ్వలు ఎండుగడ్డి దాకా ఎగిరి ఆరిపోతున్నాయి.

గోల్ దగ్గర ఎవరు నిలబడతారని అడిగాను.
మాట ఖర్చు చేయడు కదా,
గడ్డంతో కిటికీ చూపించాడు.

ఎదురింటి గరాజ్ ముందు
పోస్టాఫీసు వాళ్ల జోరా.
తమ్ముడు విసిరే టెన్నిస్ బంతులు
వస్తున్నాయి, ఆగుతున్నాయి.
వెనక రేకు తలుపు నిండా సొట్టలు,
అన్నీ తుప్పుపట్టినవే.
కొత్తది ఒక్కటీ లేదు.

ఎల్క్ బెండ్ చేతిలో ఓడతామని
నాకు తెలుసు, ఊరికీ తెలుసు.
గెలుపులెన్ని అన్న గడి వదిలేసి పంపాను.

రాత్రి ప్రెస్ నుంచి ఫోను:
"ఇక్కడ అంకె పడలేదండీ."

పడలేదు.
ముందు మంచు పడనీ.