ఏడో ఏడు

వాల్దీవియాలో వాన వెలిసిన రోజులు
వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
అలాంటి ఒక రోజున, జూన్‌లో,
ఫ్యాకల్టీ ఆఫీసు పాత బీరువా ఖాళీ చేయమన్నారు.
బూజు పట్టిందట. పట్టదా మరి?
ముప్పై ఒక్క ఏళ్ళ సెలవు కాగితాలు అందులో.

నా పేరు నోల్ఫా. గుమాస్తాని.
ప్రతి కాగితం మీదా నేను వేసిన ముద్ర ఉంది.
నా రాత ఒక్కచోటా లేదు.

ఆరేళ్ళు పాఠం చెప్పినవాళ్ళకి
ఏడో ఏడు విడుపు.
పొలాన్ని బీడు పెట్టినట్టు అనేవాడు పాత డీన్,
దున్నకుండా, విత్తకుండా, ఊరికే ఆకాశం కింద.
కాకపోతే బీడు పెట్టేముందే
ఎన్ని బస్తాలు పండుతాయో
మూడు ప్రతుల్లో రాసివ్వాలి.

దరఖాస్తులన్నిటిదీ ఒకే గొంతు:
రెండు వ్యాసాలు, ఒక పుస్తకం, పరదేశంలో ఒక ప్రయోగశాల.
తిరిగొచ్చాక ఇచ్చే నివేదికల్లో మాత్రం
ఎవరి దగ్గు వాళ్ళదే.

ఇస్మాయేల్ ఓయార్సూన్, నాచు మొక్కల మనిషి.
చిలొయె దీవిలో నలభై రకాలు పోల్చి చెబుతానని వెళ్ళి
ఒక్క రాయి ముందు కూర్చున్నాడు పది నెలలు.
వారానికో బొమ్మ, పెన్సిలుతో.
"రాయి కదల్లేదు" అని రాశాడు నివేదికలో,
"నాచు గోరంత పెరిగింది. నా గడ్డం జానెడు."
కమిటీ నవ్వలేదు.
ఆ నలభై మూడు బొమ్మలూ ఇప్పుడు
మొదటేడు పిల్లల బల్లల మీద, కాఫీ మరకలతో.

ఓఫేలియా వెస్టర్‌మాయర్‌ది గణితం.
నల్లబల్ల మీద నాలుగేళ్ళుగా తెమలని లెక్కని
ఇంట్లో వదిలేసి
నియెబ్లాలో పడవలు చేసే రోసమెల్ దగ్గర చేరింది.
తడి చెక్క ఎంత వంగితే విరగదో
చేతులకి తెలిసేసరికి చలికాలం అయిపోయింది.
వసంతంలో లెక్క తెమిలింది.
ఎలాగని అడిగితే అరచేతిలో కాయలు చూపించింది.
వ్యాసం చివర, కృతజ్ఞతల్లో, రోసమెల్ పేరు.
ఆయన ఆదివారం కోటు తొడుక్కుని ఆఫీసుకొచ్చి
ఆ ఒక్క లైను జిరాక్స్ తీయించుకుని పోయాడు.

అడుగున, బీరువా చెక్కకి అతుక్కుపోయి,
లౌతారో సుబియాబ్రే నివేదిక.
చరిత్ర శాఖ. రేవు కూలీల సమ్మెల మీద పుస్తకం రాస్తానన్నాడు.
రెండో నెలలో భార్య పోయింది.
ఏడో ఏడు అతనికి
ఏడవడానికే సరిపోయింది.
నివేదిక మొత్తం ఒక వాక్యం: "ఇల్లు సర్దాను."
"ఫలితాలు అనే గడి ఖాళీగా ఉంది, నింపి పంపించండి"
అని కమిటీ తిప్పి పంపింది, నా చేతుల మీదుగా.
నేను పంపలేదు.
"అందినది" అని ముద్ర కొట్టి అడుగున దాచేశాను.
ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చేసిన దొంగపని అదొక్కటే.
ఇవాళ చూస్తే వాక్యం మీద బూజు,
ముద్ర మీద లేదు.

గుమాస్తాలకి ఏడో ఏడు ఉండదు.
ఆరు తర్వాత మళ్ళీ ఒకటి.

మధ్యాహ్నం గంట విరామంలో
చేపల బజారు వెనక, నది మెట్ల మీద కూర్చున్నాను.
పక్కన సముద్ర సింహాలు
ఏ దరఖాస్తూ పెట్టకుండా పడుకుని ఉన్నాయి.
ఒకటి నా వైపు చూసి ఆవలించింది.
వాడని ఫారం ఒకటి సంచిలో ఉంటే తీసి
వెనకవైపు మొదలుపెట్టాను, ఎక్కణ్ణించో తెలీక,
వాన వెలిసిన రోజుల దగ్గర్నించి.

పేజీ నిండకముందే చినుకు.
కాగితం కోటు లోపలికి దోపి పరిగెత్తాను.
ఆఫీసుకి పది నిమిషాలు ఆలస్యం.
కారణం అనే గడిలో ఏం రాయాలో
దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను.
ఎవరూ అడగలేదు.