గోతి ఖాతా

గుణుపురంలో కరెంటు పోయింది.
చార్జింగ్ లైటు చుట్టూ ఉసిళ్ళు.
నాలుగో అధ్యాయం రాస్తున్నాను,
ఎన్నడూ చూడని ఒక ద్వీపం గురించి.

మూడోది సులువుగానే వచ్చింది.
చెరకు నరికే కత్తుల్ని బానిసలు అటు తిప్పి పట్టుకోవడం,
తోటలు తగలబడటం, దొరల సైన్యం ఓడలెక్కడం.
అలాంటివి రాసేటప్పుడు చెయ్యి దానంతటదే పరిగెడుతుంది.

నాలుగోది లెక్కలు.
గెలిచిన ఇరవై ఏళ్ళకి
పద్నాలుగు యుద్ధనౌకలు రేవులో నిలబడ్డాయి.
మీరు మాకు బాకీ.
దేనికి?
మీకే. నిన్నటిదాకా మా ఆస్తి కదా మీరు,
మీ ఖరీదు మీరే కట్టండి.

కట్టారు.
కాఫీ గింజలమ్మి కట్టారు. కట్టడానికి అప్పు తెచ్చారు,
అప్పుకి వడ్డీ, వడ్డీకి ఇంకో అప్పు.
ఆఖరి వాయిదా తీరింది
ఇక్కడ మన జెండా ఎగిరిన ఏడు.

ఆ వాక్యం దగ్గర మూడు రోజులు ఆగిపోయాను.
నాలుగో రోజు అటక మీంచి
మా తాత గున్నయ్య ఖాతా పుస్తకం దించాను.

నరసన్నపేట నుంచి బండి కట్టుకొని
ఉప్పూ చుట్టలూ ముతక చీరలూ వేసుకొచ్చి
ఈ కొండల కింద దిగినవాడు.
ముత్యాల్లాంటి దస్తూరీ.
పైన శ్రీరామ, ఎండిపోయిన పసుపు బొట్టు, దాని కింద:
*సవర జిగ్రి. చావు ఖర్చుకు దున్నపోతు. రొక్కం నలభై.
వడ్డీ కింద మనిషి. కొడుకు సుంబారో, వయసు పది.*
పక్కన నిశానీ. నల్లటి బొటనవేలు,
గీతలు ఇంకా విడివిడిగా కనిపిస్తున్నాయి.
ఆ పేజీలో చెల్లు అన్న మాట లేదు.

అప్పు తీరేదాకా చాకిరీ చేసే మనిషిని
ఇక్కడి ఒడియాలో గోతి అంటారు.
తెలుగులో ఆ మాటకి అర్థం వేరు.
తవ్వినవాళ్ళం గనక మాకు బాగా తెలుసు.

మంగళవారం సంతలో సుంబారో దొరికాడు,
గోనెపట్టా మీద చింతపండు పోసుకొని.
ఫోను రికార్డింగులో పెట్టి, నోటుబుక్కు తీశాను.
నవ్వాడు. పై పళ్ళు లేవు.
"ఏటమ్మా, మీ తాత రాసేసిందే మళ్ళీ రాస్తన్నావా?"

విడుదల ఎప్పుడైందన్నాను.
జీపులో ఆఫీసరొచ్చి కాగితమిచ్చాడట,
ఇకనుంచి నువ్వు స్వతంత్రుడివన్నాడట.
"సోమారం ఇచ్చినాడు.
గురువారం మళ్ళీ మీ ఇంటికే పనికొచ్చినాను.
కాగితం తింతామా?"
ఆ కాగితాన్ని వెదురు గొట్టంలో దాచాడు.
చెదలు తిన్నాయి.

అయిదో అధ్యాయం పేరు విదేశీ జోక్యం.
ఒక మధ్యాహ్నం నౌకా సైనికులు దిగి
ద్వీపం బ్యాంకులోంచి బంగారం మోసుకుపోయిన కథ దాంట్లో వస్తుంది.
బయటి దేశపోళ్ళంటే మీకెవరు, అనడిగాను సుంబారోని.
సంత మీదుగా చెయ్యెత్తాడు.
వేలు చూపించిన వైపు, లారీల అవతల,
మా ఇంటి పెంకులు.

బరంపురంలో గైడు గారు అంతా చదివి, కళ్ళజోడు తుడుచుకొని,
సొంతింటి సంగతి పరిశోధన అనిపించుకోదమ్మా,
కావాలంటే పాదసూచికలో పెట్టుకో అన్నారు.
పాదాల దగ్గర.
చిన్న అక్షరాల్లో.
ఆ చోటు సుంబారోకి కొత్త కాదు.

చింతపండు కిలో ఎంతన్నాను.
చెప్పాడు. బేరమాడలేదు నేను.
"మీ తాతైతే ఆడీవోడు," అన్నాడు,
కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకొని
తక్కెడ నావైపు వాలేదాకా
కొసరు ఇంకో పిడికెడు వేశాడు.

ఇంటికొచ్చి ఖాతా తెరిచాను.
ఆ పిడికెడు
ఏ పద్దు కింద రాయాలో
ఇంకా తేలలేదు.