తెగితే తెరుచుకునేది

విశాఖలో చలేటిరా అని నవ్వాడు గౌరీసు,
ఆటోనగర్ షెడ్డులో మెడ మీద చెమట తుడుచుకుంటూ.
నిజమే. డిసెంబరులోనూ మా కంచరపాలెంలో
పంకా తిరుగుతూనే ఉంటుంది.

కానీ నా బండికి రాత్రి రెండున్నరకే తెల్లారుతుంది,
లంబసింగి మంచు చూడాలనే వాళ్ల కోసం.
ముసలి డీజిలు ఇంజను.
గోపాలపట్నం దాటినా, పెందుర్తి దాటినా
సూది అడుగునే పడుకుని ఉండేది.
సబ్బవరంలో గానీ ఒక కన్ను తెరిచేది కాదు.
అంతవరకూ తాగుడే తాగుడు.
చిట్టాలో రాసుకున్నాను:
పాతిక కిలోమీటర్లు, చల్లటి ఇంజను, దండగ.

మొదట గ్రిల్లుకి అట్టముక్క కట్టాను.
ఎండురొయ్యల పెట్టెది, మార్కెట్లో ఊరికే ఇచ్చారు.
చోడవరం చేరేసరికి బండంతా రొయ్యల కూర.
వెనక సీట్లో కొత్తజంట
ఒకరి ముక్కు ఒకరు మూసుకున్నారు.
తిరుగుదారిలో వానకి నాని, ముద్దై,
ఎక్కడ జారిపోయిందో కూడా తెలీదు.

తర్వాత దొరికాయి,
ఎంవీపీ కాలనీలో ఎవరో పారేసిన
కిటికీ బ్లైండు రేకులు.
పదకొండు. రెండు వంగిపోయాయి. తొమ్మిది చాలు.
మూరన్నరకి కోసి, ఒక్కోదానికి
రెండు కొసల్లోనూ సైకిలు చువ్వ ముక్క ఇరుసు,
వెనకాల అన్నిటినీ కలిపే ఒకే ఒక్క కడ్డీ,
కడ్డీకి చచ్చిపోయిన స్కూటరు చోక్ తీగ,
తీగ రెండో కొస నా మోకాలి దగ్గర.
లాగితే మూత, నెడితే తెరుపు.

రెండు ఆదివారాలు పట్టింది.
నూకరత్నం కుట్టుమిషను ఆపి ఒకసారి చూసింది.
ఏమీ అనలేదు.
మేం మాట్లాడుకుని అప్పటికి తొమ్మిది రోజులు,
చీటీ డబ్బుల గొడవ.

మొదటి రోజు మూసి బయల్దేరాను.
ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గరే సూది కదిలింది.
గోపాలపట్నం దాటేసరికి సగానికొచ్చి నిలబడింది.
గట్టిగా నవ్వేసరికి వెనక వాళ్లు ఉలిక్కిపడి లేచారు.
పెందుర్తిలో నెట్టాను.
రేకులు టపటపా తెరుచుకున్నాయి,
చీకట్లో ఎవరో పేక కలిపినట్టు.

ఉప్పుగాలి చిట్టాలు రాయదు.
మూడు వారాలకి ఇరుసుల చుట్టూ ఎర్రటి పొడి.
కొబ్బరినూనె రాశాను, ఇంకో రెండు వారాలు లాగాను.
ఆ రోజు నర్సీపట్నంలో టీకి ఆగి,
చల్లబడిందని మళ్లీ మూశాను.
డౌనూరు దాటాక, ఘాటు మొదట్లో నెడితే
కదల్లేదు.
మళ్లీ నెట్టాను. తీగ లోపలే కటుక్కుమంది.
మూత మూతగానే ఉంది. ఎదురుగా ఎత్తు.
సూది ఎర్రగీత మీద.

బానెట్టు ఎత్తితే
ఇంజను నా మొహం మీద ఊపిరి వదిలింది.
తొమ్మిది రేకులూ ఒక్కొక్కటే
వేళ్లతో తెరిచాను, వేళ్లు కాలుతుంటే.
వెనక సీటు మాస్టారు దిగొచ్చి టార్చి పట్టుకున్నారు.
"ఇది నువ్వే చేశావా బాబూ?"
అవునంటే ఏమంటారోనని
షోరూములోనే పెట్టారన్నాను.

ఇంటికొచ్చి గుమ్మం ముందు అన్నీ పరిచాను.
నూకరత్నం రేకులు చూసింది, నా వేళ్లు చూసింది,
తెగిన కొస పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.
"తెగితే మూసుకుపోయేది ఎవుడైనా సేత్తాడా?
తెగితే తెరుసుకునేది సెయ్యాల."
నలభై నాలుగో రోజున అదే మొదటి మాట.
మిషను డబ్బాలోంచి ఒక స్ప్రింగు తీసి
నా ముందు పెట్టి
మళ్లీ ఎవరిదో జాకెట్టు చేతుల్లో పడిపోయింది.

ఇప్పుడు లాగి కొక్కేనికి తగిలిస్తేనే మూత.
కొక్కెం జారినా, తీగ తెగినా
స్ప్రింగే తెరుస్తుంది, నన్నడగదు.
గౌరీసు వచ్చి వంగి చూశాడు,
నాకూ ఒకటి చేసిపెట్టు అన్నాడు.
ఎందుకురా అంటే
ఈ ఏడు విశాఖలో చలి ముదిరింది అన్నాడు.

చీటీ సంగతి ఇంకా తేలలేదు.
రాత్రి రెండున్నరకి తలుపు తీస్తే
సీటు మీద టీ ఫ్లాస్కు ఉంది,
మూత గట్టిగా బిగించి.